మేనమామ చేతి గ్లాసు

1974 మే 6

రాయప్ప నాకు మాట ఇచ్చింది 1937 ఫిబ్రవరిలో, గుణదల కొండ మీద, మాత గుహ ముందు. వాళ్ళ అక్క అమలమ్మను చేసుకోవడానికి నేను పెట్టిన షరతు అదొక్కటే. నేను కాపురముండే ఇంట్లోకి కల్లు గాని, సారా గాని తన చేతుల మీదుగా రాదని, వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని మరీ చెప్పాడు. మా నాన్న పోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఆయన ఉయ్యూరు సంత నుంచి కాస్త కల్లు పుచ్చుకుని బండి తోలుకుంటూ వస్తున్నాడు. ఎడ్లకు ఇంటి దారి తెలుసు. ఆయనే పగ్గం లాగి వాటిని కాలువలోకి తిప్పాడు. ఎడ్లు ఈదుకుంటూ గట్టెక్కాయి.

రాయప్ప మాట మా పెళ్ళి విందు దాకా నిలబడింది. పందిరి వెనక సీసాతో దొరికిపోయి, "పందిరి ఇంట్లోకి రాదు కదా బావా" అన్నాడు. వీడు ప్లీడరు కావలసినవాడని అప్పుడే అనుకున్నాను. ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నా కుడికాలు తొడ నుంచి మడమ దాకా సిమెంటు కట్టులో ఉంది. ఆసుపత్రి మంచం మీద వెల్లకిలా పడుకున్నవాడికి పైకప్పు తప్ప చదవడానికి ఏమీ ఉండదు. అల్లుడు జాన్‌బాబు ఈ డైరీ తెచ్చిచ్చాడు. మంచి కుర్రాడు. నా కాలు విరగ్గొట్టింది వాళ్ళ నాన్నే.

మే 7

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. ఉద్యోగమంతా పిల్లలకు చరిత్ర చెప్పినవాణ్ణి. ఆలస్యంగా రాసిన చరిత్ర ఎవరికి అనుకూలంగా తయారవుతుందో నాకు తెలుసు.

ఏప్రిల్ చివరి ఆదివారం మనవడికి జ్ఞానస్నానం. మా ఎలిజబెత్ పురుడు మా ఇంట్లోనే పోసుకుంది కాబట్టి విందు కూడా మాదే. వియ్యంకుడు మరియదాసు గారు, వియ్యపురాలు తెరేసమ్మ గారు ఇబ్రహీంపట్నం నుంచి సొంత ఫియట్ కారులో వచ్చారు. అక్కడ కరెంటు ఫ్యాక్టరీ కడుతున్నారు. దానికి కంకర తోలే కాంట్రాక్టరు ఆయన. గుళ్ళో ముందు వరసలో కూర్చునే మనిషి.

భోజనాలకు ముందు రాయప్ప హార్లిక్స్ అట్టపెట్టెతో దిగాడు. లోపల బ్రాందీ. అమ్మాయికి మేనమామ వాడు. వియ్యాలవారికి మేనమామ చేసే మర్యాద వేరే ఉంటుందని, దాన్ని ఆపడానికి నేనెవరినని వాడి వాదన. మావైపు మేనమామ చేతి గ్లాసు వద్దంటే పిల్లనే వద్దన్నట్టు. అందుకని మరియదాసు గారు మొదటిది పుచ్చుకున్నారు. మొదటిదానికి తోడుగా రెండోది. మూడోది కారెక్కబోతుంటే గుమ్మం దగ్గర నిలబెట్టి ఇచ్చాడు.

"కారు నడపాలయ్యా రాయప్పా" అన్నారాయన.

"మీరు నడిపేదేముంది అన్నయ్యగారూ, దారి దానికే తెలుసు" అన్నాడు వీడు.

మా నాన్న తన ఎడ్ల గురించి అచ్చం ఇలాగే అనేవాడు.

మరియదాసు గారు తూలలేదు. మాట తడబడలేదు. మనవడి నుదుట సిలువ గుర్తు వేసి, అమలమ్మకు వెళ్ళొస్తానని చెప్పి, నిటారుగా నడిచి వెళ్ళి కారులో కూర్చున్నారు. మనవాళ్ళలో కూలివాడైతే తాగుతాడు, పెద్దమనిషైతే పుచ్చుకుంటాడు. ఆయన పుచ్చుకున్నారు, అంతే.

కారు ముక్కు మా గేటు వైపు ఉంది. వెనక్కి తీసి వీధిలోకి మళ్ళించాలి. నేను దానికి ఎదురుగా, గేటు స్తంభానికి వీపు ఆనించి, చేతులు జోడించి నిలబడ్డాను. వియ్యాలవారి కారు మలుపు తిరిగేదాకా ఆడపిల్ల తండ్రి అలాగే నిలబడాలి. ఆయన కూడా స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి నాకు ప్రతినమస్కారం చేశారు. వెనక్కి పోవలసిన కారు ముందుకొచ్చింది. పెద్ద వేగం కూడా లేదు. నంబరు ప్లేటు మొత్తం చదువుకునే తీరిక దొరికింది. పక్కకు దూకవచ్చు. కాని నమస్కారం మధ్యలో ఆపి వియ్యంకుడి ముందు ఎలా దూకుతారు?

మే 8

కాలు విరిగిన సాయంత్రమే, ఆసుపత్రివాళ్ళు కబురు చేస్తే హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. మంచానికి ఒక పక్క అతను, ఇంకో పక్క మరియదాసు గారు, ముఖంలో నెత్తురు చుక్క లేకుండా. ఎలా జరిగిందని అడిగాడు.

"వారి తప్పేం లేదండి. నేనే అడ్డంగా నిలబడ్డాను" అన్నాను.

అతను అది రాసుకుని వెళ్ళిపోయాడు. వియ్యంకుణ్ణి మొహం మీద తప్పుపట్టిన ఆడపిల్ల తండ్రి నేను చదివిన ఏ దేశ చరిత్రలోనూ లేడు. కాలు విరిగింది గాని అలవాటు విరగలేదు.

మే 9

మరియదాసు గారు బత్తాయిలు తెచ్చారు.

మే 12

బత్తాయిలు.

మే 19

మళ్ళీ బత్తాయిలే. ఆయన వానల గురించి, కంకర గురించి, కొత్తగా వచ్చిన ఫాదరు గారి ప్రసంగం గురించి మాట్లాడతారు. ఒక్క మాట తప్ప అన్నీ మాట్లాడతారు. నేను తొక్కలు తీసుకుంటూ ఆ ఒక్క మాట కోసం చూస్తాను.

జులై 22

కట్టు విప్పారు. లోపల ఉన్నది నా కాలు కాదు. పొట్టిగా, బయటికి తిరిగి, ఎవరి దగ్గరో అరువు తెచ్చినట్టుంది. ఎముక వంకరగా అతుక్కుందని డాక్టరు చెప్పాడు. వేలూరు వెళ్ళి, మళ్ళీ విరిపించి, లోపల ఉక్కు కడ్డీ వేయించుకుంటే నడుస్తానట. లేకపోతే జన్మకు ఈ కర్రే. నేను ట్యూషన్లు చెప్పే గది మేడ మీద ఉంది. నా పింఛను వేలూరు దాకా వెళ్ళగలిగే పింఛను కాదు. గూడూరులోనే దిగిపోతుంది.

జులై 30

రాయప్ప రాజీ పట్టుకొచ్చాడు. వేలూరు ఖర్చంతా మరియదాసు గారు భరిస్తారట. నేను ఎక్కడా కాగితం మీద పెట్టకూడదట. విందుకొచ్చిన పెద్దలంతా ఆయన నిమ్మరసం తప్ప ఏమీ ముట్టలేదని చెప్పడానికి సిద్ధంగా ఉన్నారట. ఆ రోజు మా ఇంట్లో నిమ్మరసం చేయనే లేదు.

"పోసింది నువ్వే కదరా" అన్నాను.

"నేను పోసింది గ్లాసులో బావా. కారులో కాదు" అన్నాడు.

వద్దని చెప్పి పంపేశాను. వియ్యంకుడి సొమ్ముతో అతికిన కాలైతే, ఆ ఇంట్లో చారులో ఉప్పు తక్కువైనప్పుడల్లా మా అమ్మాయి దాని గురించి వినాలి. పైగా నాకు కావలసింది ఆ ఒక్క మాట. ఆయన నోటితో.

ఆగస్టు 3

"మా తమ్ముణ్ణి తిడుతున్నారు, బాగానే ఉంది. గుమ్మం దగ్గర మీరూ ఉన్నారుగా. ఇక చాల్లేరా అని మీరెందుకు అనలేదు?" అని అడిగింది అమలమ్మ.

ఇవాళ కాలు నొప్పి ఎక్కువగా ఉంది.

ఆగస్టు 4

గ్లాసులు కూడా మావేనని గుర్తుచేసింది. అవి నేను రిటైరైనప్పుడు స్కూలువాళ్ళు ఇచ్చినవి. గ్లాసులకేం తెలుసు?

ఆగస్టు 25

ప్లీడరు వెంకటసుబ్బారావు వచ్చి చూశాడు. నా దగ్గర చదువుకున్నవాడే. పానిపట్టు యుద్ధాలు మూడింటినీ కలిపి ఒకే జవాబులో ముగించేవాడు. చట్టం మాత్రం విడదీసి చెప్పాడు.

పోలీసు కేసు వేరు, నష్టపరిహారం కేసు వేరు. మొదటిది నిలబడకపోయినా రెండోది వేసుకోవచ్చు. రెండోది వినేది బందరులో, జిల్లా జడ్జిగారే ట్రిబ్యునల్‌గా కూర్చుని. ఆరు నెలల లోపు దరఖాస్తు పెట్టాలి. గెలిస్తే ఇచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీ. మరియదాసు గారి జేబు కాదు. కాగితం మీద పేరు మాత్రం ఆయనది ఉండాలి.

ఆయన తాగినట్టు కనబడలేదయ్యా, అదే చిక్కు అన్నాను.

"తూలేంత అక్కర్లేదు మాస్టారూ. వెనక గేరు బదులు ముందు గేరు పడేంత చాలు. జాగ్రత్తగా నడిపారా లేదా, జడ్జిగారు చూసేది అదే. అసలు చిక్కు మీరు. కానిస్టేబుల్‌తో తప్పు నాదే అన్నారు. ఆ ముక్క పట్టుకుని కంపెనీ ప్లీడరు మిమ్మల్ని ఆడిస్తాడు" అన్నాడు.

ప్రమాణం చేసి చెప్పే సాక్షి ఒక్కరుంటే చాలట. మా చుట్టాలందరికీ ఆ రోజు నిమ్మరసమే కనబడింది.

సెప్టెంబరు 8

ఎలిజబెత్ పిల్లాణ్ణి తీసుకుని వచ్చింది. సంగతి ఎవరో చేరవేశారు. ఎరువుల వాసన వచ్చే నోరే అయ్యుంటుంది.

"మామయ్యగారి పేరు కోర్టు కాగితం మీద ఎక్కిస్తే, పొద్దున లేచి ఆయనకు కాఫీ ఎలా ఇవ్వను నాన్నా?" అంది. ఏడవలేదు. ఏడిస్తే కసురుకోవడం తేలికయ్యేది.

వెళ్ళేటప్పుడు నా కర్రను అందేలా మంచానికి ఆనించి వెళ్ళింది. 

సెప్టెంబరు 30

గడువు దగ్గరపడుతోంది. కేసు వేయను.

అక్టోబరు 4

వేస్తాను.

అక్టోబరు 5

వేస్తే ఎలిజబెత్. వేయకపోతే కర్ర.

అక్టోబరు 13

మరియదాసు గారు ఒక్కరే వచ్చారు. వీధి మలుపులోనే కనిపించారు, నడుస్తూ. చెప్పులకు దుమ్ము. బస్సులో వచ్చారట. బత్తాయిలు లేవు.

మంచినీళ్ళు తాగారు. తరవాత నా కాలు వైపు చూస్తూ, ఏప్రిల్ తరవాత కారు ముట్టుకోలేదని చెప్పారు. జాన్‌బాబు అడిగితే బ్యాటరీ అయిపోయిందని అబద్ధమాడారట.

"రోజూ తలుచుకుంటాను బావగారూ. ఎన్నిసార్లు తలుచుకున్నా నేను వేసింది వెనక గేరే. ఇప్పటికీ నా చేతికి అలాగే గుర్తు. తాగినట్టు తెలిసుంటే తాళాలు అబ్బాయికిచ్చేవాణ్ణి. తెలియలేదు. మనసుకి అంతా బాగానే ఉంది. అదే నాకు భయమేస్తోంది."

నేను ఏదో చురక వేద్దామని దాచుకున్నవి చాలా ఉన్నాయి. అవి పక్కన పెట్టి ఆయన గ్లాసులో ఇంకాసిని మంచినీళ్ళు పోశాను.

కేసు వేయమన్నారు. తనే వచ్చి సాక్ష్యం చెబుతానన్నారు. కోడలితో ఆ పొద్దునే మాట్లాడారట. "నా పేరు కాగితం మీదికి ఎక్కడానికి అడ్డమేముందమ్మా, నా కారు మీ నాన్న మీదికే ఎక్కింది" అన్నారట. అది విని ఎలిజబెత్ నవ్విందట. ఈ మనిషికి ఇంత మాట చమత్కారం ఉందని పెళ్ళిచూపుల్లో తెలియలేదు.

బస్సు దాకా సాగనంపలేనని అన్నాను. "మీరు సాగనంపకండి బావగారూ, మీకది పడదు" అన్నారు.

అక్టోబరు 18

దరఖాస్తు బందరు చేరింది. రాయప్ప నాతో మాట్లాడడం మానేశాడు. కేసు వల్ల కలిగిన మొదటి లాభం.

నవంబరు 20

మరియదాసు గారు పోలీసు స్టేషనుకు తనంతట తానే వెళ్ళి జరిగింది చెప్పారట. మేజిస్ట్రేటు ముందు తప్పు ఒప్పుకుని జరిమానా కట్టారు. లైసెన్సు కొంతకాలం పక్కన పెట్టారు. వెంకటసుబ్బారావు తన ప్రాక్టీసులో ఇలాంటి ముద్దాయిని చూడలేదట. ఇలాంటి వియ్యంకుణ్ణి నేనూ చూడలేదు.

నవంబరు 21

రాయప్ప మళ్ళీ మాట్లాడుతున్నాడు. లాభం పోయింది.

1975 ఆగస్టు 12, బందరు

బస్సులో కాలు చాపడానికి వీల్లేక, పామర్రు దాకా కండక్టరు టిక్కెట్ల సంచీ మీదే పెట్టుకున్నాను. ఎమర్జెన్సీ పెట్టాక దేశంలో ఎవరూ గట్టిగా మాట్లాడని రోజులివి. ఇన్సూరెన్స్ కంపెనీ ప్లీడరుకు మాత్రం ఆ కబురు అందినట్టు లేదు.

కారు ముందు ఎందుకు నిలబడ్డావని అడిగాడు. సాగనంపడానికి అన్నాను. కారు వస్తుంటే ఎందుకు తప్పుకోలేదన్నాడు. చేతులు జోడించి ఉన్నాను అన్నాను. జోడించినవి చేతులే కదా, కాళ్ళు కాదు కదా అన్నాడు. హాలంతా నవ్వు.

"అయ్యా, మీకు ఆడపిల్లలున్నారా?" అని అడిగాను. ప్రశ్నలు వేయవలసింది నేను కాదని జడ్జిగారు మందలించారు. అయితే ఆయన కూడా నవ్వు ఆపుకుంటున్నట్టే కనబడింది. గుమాస్తా తరవాత చెప్పాడు, జడ్జిగారికి నలుగురూ కూతుళ్ళేనట.

తరవాత మరియదాసు గారు బోనెక్కారు. బైబిలు మీద చెయ్యి పెట్టి, గ్లాసులు ఎన్నో, ఎక్కడో, చివరిది ఎప్పుడో చెప్పారు. మత్తుగా అనిపించలేదని, అనిపించకపోయినా కారు ముందుకే పోయిందని చెప్పారు. తలెత్తి చెప్పారు. నేను ఏడాదికి పైగా ఎదురుచూసిన ఆ ఒక్క మాట వచ్చేసరికి నాకు తల దించుకోవాలనిపించింది. ఎందుకో తెలియదు. హాలులో ఉక్కపోతగా ఉంది.

అంతలో కంపెనీ ప్లీడరు లేచి, ఇదంతా కుమ్మక్కు అన్నాడు. వీళ్ళిద్దరూ వియ్యంకులు, ఒకరు కాలు చూపించి ఇంకొకరు తప్పు ఒప్పుకుని కంపెనీ సొమ్ము తినడానికి ఒక మాట మీదికొచ్చారన్నాడు. నేను ఉండబట్టలేక కూర్చున్నచోటి నుంచే అనేశాను.

"వియ్యంకులు ఇద్దరూ ఒక మాట మీద ఉండడం మీరెక్కడైనా చూశారా బాబూ?"

ఈసారి జడ్జిగారు నవ్వు ఆపుకోలేదు.

నవంబరు 3

తీర్పు వచ్చింది. తప్పు కారు నడిపినవారిదే అన్నారు జడ్జిగారు. కానిస్టేబుల్‌తో నేనన్నది వియ్యంకుడి ఎదుట అన్న మర్యాద మాట అని కొట్టేశారు. అడ్డంగా నిలబడ్డందుకు మాత్రం అడిగినదానిలో కొంత కోత పెట్టారు. నా నమస్కారానికి ధర కట్టిన మొదటి మనిషి ఆయనే. మిగిలింది వేలూరుకు, ఆపరేషనుకు సరిపోతుంది.

అమలమ్మ ట్రంకుపెట్టె దించింది.

1977 ఫిబ్రవరి 10

గుణదల తిరునాళ్ళ. కొండ ఎక్కాను. కొంచెం కుంటు మిగిలింది గాని, కాలు నాదే అనిపిస్తోంది. కర్ర ఇంట్లో వదిలేసి వెళ్ళాను. మెట్ల మీద మరియదాసు గారు ఒక మెట్టు కిందుగా, నా వెనకే వచ్చారు. పడితే పట్టుకోవడానికని నాకు తెలియనట్టు నడిచాను.

గుహ ముందు రాయప్ప కొవ్వొత్తి వెలిగిస్తున్నాడు. ఏం మొక్కుకున్నాడో అడగలేదు. కొత్తగా ఇంకేమైనా మాట ఇచ్చి ఉంటాడని భయమేసింది.

మధ్యాహ్నం అందరికీ మా ఇంట్లోనే భోజనాలు. ఫియట్ ఇప్పుడు జాన్‌బాబు నడుపుతున్నాడు. పొద్దుగూకేలోగా ఇబ్రహీంపట్నం చేరాలని తొందరపడుతున్నారు. నేను లోపల మనవడి రెండో చెప్పు వెతుకుతున్నాను. బయటికొచ్చేసరికి వరండాలో హార్లిక్స్ పెట్టె. జాన్‌బాబు గ్లాసు కింద పెడుతున్నాడు. బావ కాలు బాగైన సందర్భంగానట. మేనమామ చేతి గ్లాసు కాదనకూడదట.

"ఒక్కటే మామయ్యగారూ. నాకేం కాలేదు" అన్నాడు జాన్‌బాబు.

అబద్ధం చెప్పలేదు. వాళ్ళ నాన్నకు కూడా ఆ రోజు ఏమీ కాలేదు.

అందరూ కారెక్కారు. ఎలిజబెత్ ముందు సీటులో. మనవడు వెనక మరియదాసు గారి ఒళ్ళో, ఒక కాలికి చెప్పుతో. ఈసారి కూడా కారు ముక్కు గేటు వైపే ఉంది. నేను వెళ్ళి దానికి ఎదురుగా, గేటు స్తంభానికి వీపు ఆనించి చేతులు జోడించాను. ఇంజను మోగింది. వెళ్ళిరండి అనలేదు. జాన్‌బాబు కాసేపు చూసి, నవ్వి, మెల్లగా హారన్ కొట్టాడు. నేను కదల్లేదు.

"నాన్నా, జరుగు. మళ్ళీ అక్కడే నిలబడ్డావేంటి?" అంది ఎలిజబెత్.

"బావకి మర్యాద ముదిరింది" అన్నాడు రాయప్ప వరండాలోంచి.

రెండో హారన్ కొట్టబోతుంటే వెనక తలుపు తెరుచుకుంది. మరియదాసు గారు పిల్లాణ్ణి తెరేసమ్మ గారికి అందించి దిగారు. నా పక్కకొచ్చి నిలబడ్డారు. సొంత కొడుకుకు చేతులు జోడించారు. ఇద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు. కంపెనీ ప్లీడరు చూస్తే కుమ్మక్కనేవాడు.

ఇంజను ఆగింది. జాన్‌బాబు తాళాలు తెచ్చి వాళ్ళ నాన్న చేతిలో కాదు, నా చేతిలో పెట్టాడు. మొహం ఎర్రబడింది. రేపు పొద్దున వెళతారు. అమలమ్మ చాపలు దులుపుతోంది. మనవడు రెండో చెప్పు కూడా విప్పేశాడు.

వెంకటసుబ్బారావు దగ్గర చట్టం పుస్తకం తెప్పించుకుని అట్ట నుంచి అట్ట దాకా చదివాను. నడిపినవాడి గురించి ఉంది. కారు ఎవరిదో వాళ్ళ గురించి ఉంది. కంపెనీ గురించి పేజీలకు పేజీలున్నాయి. చేతులు జోడించి నిలబడ్డవాడికి సైతం కోత పడుతుంది. గుమ్మం దగ్గర నిలబెట్టి పోసినవాడి గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు.

అందుకని నా తీర్పు ఇక్కడ రాసిపెడుతున్నాను. మరియదాసు గారి మీద నాకేమీ లేదు. ఉంటే బస్సు దిగి నడిచొచ్చిన రోజే పోయింది. జాన్‌బాబు కుర్రాడు, నేర్చుకుంటాడు. గ్లాసులు రేపు అమలమ్మ చేత ఎవరికైనా ఇప్పించేస్తాను. ఇక మిగిలింది వరండాలో, నా పడక కుర్చీలో, తిరునాళ్ళలో కొన్న విసనకర్ర గుండెల మీద పెట్టుకుని, ఏ పాపం ఎరగనట్టు గురకపెడుతున్న ఆ ఒక్కడు. నలభై ఏళ్ళ కిందట కొవ్వొత్తి పట్టుకున్న చెయ్యి అదే. వాడే.

రాయప్ప.